ఆమె తిడితే నేనూ తిట్టాలి

ముందుగా నన్ను నిలబెట్టిన చోటు గురించి చెప్పాలి. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఏడో అంతస్తు హాలు. వేదిక మీద, తెరకు ఎడమ పక్కన, నడుము దాకా ఉన్న ఒక పూలకుండీ వెనక. హాల్లో కూర్చున్న చెవిటి పిల్లలకు నా చేతులు కనబడాలనే నన్ను పిలిచారు. ఆ చేతులకే కుండీ అడ్డం పెట్టారు. తీయమని అడిగితే, "అది డెకరేషన్ వాళ్ళది మేడమ్, మేం ముట్టుకోకూడదు" అన్నాడు హాలు చూసుకునే ఆయన. నేనే జరిపాను. మర్నాడు, 'వేదిక అలంకరణను అనుమతి లేకుండా మార్చినందుకు' విచారం వ్యక్తం చేస్తూ నాకొక మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ ఇంకా నా దగ్గర ఉంది.

ఇంకోచోట భోజనం డ్రైవర్లతో పెట్టారు. డ్రైవర్లతో తినడం నాకేమీ నామోషీ కాదు, వాళ్ళే బాగా మాట్లాడారు. కానీ నేను డ్రైవర్ల దగ్గర ఉంటే, పైన భోజనాల బల్ల దగ్గర చెవిటి పిల్లలు ఎవరితో మాట్లాడతారు? మరోచోట తెర మీద బొమ్మలు చూపిస్తామని దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో నన్ను సైగలు చేయమన్నారు. మెల్లగా మాట్లాడమని అడిగితే "మీరే కొంచెం స్పీడుగా చేతులు తిప్పండి" అన్న వక్త పేరు నాకు గుర్తుంది. రాయను.

ఇవేవీ నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని కూడా అనుకోలేదు. ఎక్కడ తప్పు జరిగినా కాగితం మీద రాసి పంపడం నా అలవాటు. జవాబు రాకపోతే మళ్ళీ రాస్తాను. చెవిటి పిల్లలు ఒక్కొక్కరికీ ఒక సైగపేరు పెడతారు. నాకు పెట్టింది, రెండు కనుబొమల మధ్య చూపుడువేలు నిలువుగా పెట్టి చూపించడం. అక్కడ నాకు పడే ముడి అది.

ఒక మాట. కాగితాల మీద 'బధిరులు' అంటారు, మర్యాదస్థులు 'వినికిడి లోపం ఉన్నవారు' అంటారు. మా పిల్లలు తమను తాము చూపించుకునే సైగకు తెలుగులో సూటి అర్థం 'చెవిటి'. నేనూ అదే రాస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాయండి మేడమ్ అన్నారు. నాకు జరిగిన అవమానాలు రాస్తే పుస్తకం అవుతుంది. కానీ వాళ్ళకు పనికొచ్చేది, నాకు జరిగినది కాదు. నేను చేసినది.

చేతులు కట్టుకోండి

నా మొదటి ఉద్యోగం నగరంలో ఒక చెవిటి పిల్లల హాస్టలు బడిలో టీచరు. అక్కడి హెడ్మాస్టరు తెల్లటి ఖద్దరు వేసుకునేవాడు, పిల్లల కోసం పెళ్ళి కూడా మానుకున్నాడు. ఆయన నమ్మకం ఒకటే: చేతులు ఆగితేనే నోటికి మాట వస్తుంది. అందుకని క్లాసులో పిల్లలందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. సైగ చేస్తే వేళ్ళ మీద స్కేలు.

ఆ బడిలో పిల్లల అసలు మాటలన్నీ హాస్టలు వెనక బట్టలు ఆరేసే చోట జరిగేవి. తడి దుప్పట్ల మధ్య నిలబడి వాళ్ళు గలగలా మాట్లాడుకునేవాళ్ళు. నేను సైగలు నేర్చుకున్నది అక్కడే, ఆ పిల్లల దగ్గరే. నేర్చుకుంటూనే, క్లాసులోకి రాగానే చేతులు కట్టుకోమని చెప్పేదాన్ని. రెండేళ్ళు అలా చెప్పాను. ఒక పిల్లవాణ్ణి స్కేలుతో కొట్టాను కూడా. వాడు పక్కవాడికి చెబుతున్నది, 'టీచర్‌కు జ్వరం వచ్చినట్టుంది, అల్లరి చేయకు' అని. కొట్టాక అర్థమైంది.

ఆ హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. అదే నేను చెప్పదలచుకున్నది. చెవిటి పిల్లలకు చెడ్డవాళ్ళ వల్ల జరిగే నష్టం తక్కువ. చెడ్డవాణ్ణి పిల్లలు గుర్తుపట్టి దూరంగా ఉంటారు. వాళ్ళ మేలు కోరి, వాళ్ళను అడగకుండా మేలు చేసేవాళ్ళతోనే చిక్కు. ఈ మాట నేను ఎన్నో సభల్లో చెప్పాను, ఆ హెడ్మాస్టరును తలుచుకుని. ఆ వరుసలో నేనూ ఉన్నానని చాలా ఏళ్ళ తర్వాత రాజేశ్వరి అనే అమ్మాయి చూపించింది.

శిబిరం

బడి నుంచి రిటైరయ్యాక దుభాషిగా పనిచేశాను. వినగలిగేవాళ్ళ మాటను సైగల్లోకి, చెవిటివాళ్ళ సైగను మాటలోకి తేవడం. సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఆఫీసుల్లో అప్పటికే చెవిటి యువకులకు ఉద్యోగాలు వస్తున్నాయి, నాకు పని బాగానే ఉండేది.

నేను పని మానేయడానికి ముందు సంవత్సరం, ఒక కంపెనీ సేవా విభాగంవాళ్ళు డిగ్రీ విద్యార్థులకు అయిదు రోజుల నాయకత్వ శిబిరం పెట్టారు. మొదటిసారి చెవిటి విద్యార్థులను కూడా తీసుకున్నారు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి రాజేశ్వరి, తెల్లాపూర్ పాత ఊళ్ళో ఉంటుంది, డిగ్రీ రెండో సంవత్సరం. సన్నగా, గట్టిగా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసే పిల్ల.

ఇద్దరు దుభాషులు కావాలని నేను ముందే రాసి పంపాను. ఒకరు గంటల తరబడి ఆపకుండా చేస్తే చేతులే కాదు, బుర్ర కూడా ఆగిపోతుంది. శిబిరం నడిపే మాధురి గారు ఫోన్ చేశారు. రాజమండ్రి మనిషి, మాట మెత్తన.

"నలుగురే కదండీ పిల్లలు. మీరొక్కరు సరిపోరా అండి?"

"పిల్లలు నలుగురైనా మాట్లాడేవాళ్ళు నలభై మంది కదమ్మా."

"ఈసారికి సర్దుకోండి మేడమ్. మీ అనుభవం ముందు ఇదెంతండి!"

పొగడ్తతో పని చేయించుకునేవాళ్ళను నేను గుర్తుపెట్టుకుంటాను. దుభాషిని ఒక్కదాన్నే కాబట్టి నలుగురినీ ఒకే జట్టులో వేశారు. ఆ జట్టులో వాళ్ళతోపాటు వినగలిగే పిల్లలు ఎనిమిది మంది. జట్టుకు నాయకుడు ప్రతాప్ అని కడప అబ్బాయి. మాటకారి, మంచివాడు, తొందర మనిషి.

శిబిరంలో ఒక పద్ధతి ఉండేది. రోజూ సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక రబ్బరు బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఎవరి మీదైనా, శిబిరం నడిపేవాళ్ళ మీదైనా సరే, ఫిర్యాదు చేయవచ్చు. అది పూర్తయ్యేదాకా ఫిర్యాదు ఎదుర్కొంటున్న మనిషి నోరు తెరవకూడదు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మొదటి సాయంత్రమే బంతి రాజేశ్వరికి ఇచ్చి, "చేతిలో పట్టుకునే మాట్లాడాలి" అన్నారు. ఆమె బంతి వైపు చూసింది, తన చేతుల వైపు చూసింది, బంతిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని సైగలు మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

నేను మార్చిన మాట

రెండో రోజు పొద్దున ప్రతి జట్టూ ఈ ఐటీ ప్రాంతంలో ఒక సమస్యను ఎంచుకోవాలి. మా జట్టు తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీని ఎంచుకుంది. పొద్దున్నే ఇళ్ళలో పనికి వచ్చే ఆడవాళ్ళు అక్కడ గేటు బయట ఎండలో, వానలో లైనులో నిలబడతారు. వాళ్ళకు నీడ, బల్లలు ఏర్పాటు చేయమని అడగాలి. ప్రతాప్ బాబాయికి అందులో ఇల్లుంది. ఏడింటికల్లా గేటు దగ్గరికి వెళ్ళి, ప్రశ్నలు అడిగి, ఫొటోలు తీసుకుని రావాలని అనుకున్నారు.

రాజేశ్వరి చేయి ఎత్తింది. ఆమె సైగల్లో చెప్పింది ఇది: "ఈ ప్లాన్ చెత్త. మా అమ్మ ఆ లైన్లోనే నిలబడుతుంది. గేటు దగ్గర ఎవరూ మీకు నిజం చెప్పరు. ఫొటో తీస్తే పని పోతుంది. మీకు కావాల్సింది ఫొటోలు, వాళ్ళ కష్టం కాదు."

నేను పైకి చెప్పింది ఇది: "వాళ్ళ అమ్మ గారు కూడా అలాంటి పనే చేస్తారట. కాబట్టి కొంచెం జాగ్రత్తగా, ఇంకొంచెం ఆలోచించి చేస్తే బాగుంటుందని రాజేశ్వరి అభిప్రాయం."

"థ్యాంక్స్ రాజేశ్వరీ. మంచి పాయింట్ చెప్పినావు" అన్నాడు ప్రతాప్, నవ్వుతూ. తర్వాత అనుకున్న ప్రకారమే పనులు పంచాడు.

ఎందుకలా మార్చానని మీరు అడుగుతారు. అలసిపోయి మాత్రం కాదు. ఇద్దరు దుభాషులు కావాలన్న నా మాట నిజమే, కానీ అప్పుడు పదకొండు కూడా కాలేదు, నా బుర్ర శుభ్రంగా పనిచేస్తోంది. అసలు కారణం, ఆ పిల్లను వాళ్ళు ఇష్టపడాలని నా కోరిక. చెవిటి పిల్లల నోటి వెంట మొదటి కటువు మాట రాగానే వినగలిగేవాళ్ళు ఎలా వెనక్కి జరుగుతారో నేను ఏళ్ళ తరబడి చూశాను. ఆ జరగడం రాజేశ్వరి చూడకూడదనుకున్నాను. ప్రేమతోనే చేశాను. నా హెడ్మాస్టరు కూడా ప్రేమతోనే చేతులు కట్టించాడు.

గేటు

మూడో రోజు పొద్దున శిబిరం బస్సులో నార్సింగి మీదుగా తెల్లాపూర్ వెళ్ళాం. గేటు బయట ముప్ఫై నలభై మంది ఆడవాళ్ళు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు, మెడలో గేటు పాస్ కార్డులు. రాజేశ్వరి బస్సు పక్కనే నిలబడిపోయింది. లైన్లో ఒకామె ఆమెను చూసి, చటుక్కున ముఖం అటు తిప్పుకుంది. ఆమే రాజేశ్వరి తల్లి బాలమణి అని నాకు అప్పుడు తెలియదు.

ప్రతాప్ ఫోనులో రికార్డు చేస్తుంటే మాట్లాడింది ఒక్కామే, నర్సమ్మ. పెద్ద వయసు, భయం లేని మనిషి. "నీడ సంగతి తర్వాత బిడ్డా. పోయేటప్పుడు సంచులు బోర్లిచ్చి చూస్తరు, మేమేమన్న దొంగలమా?" అంది. ఇద్దరు పిల్లలు ఫొటోలు తీశారు. అంతలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ వచ్చి నర్సమ్మ మెడలో కార్డు లాక్కున్నాడు.

"మీడియాతో మాట్లాడతావా? పో ఇంటికి. సెక్రటరీ సార్ చెప్పేదాకా రాకు."

నర్సమ్మ అతనితో వాదించింది. మిగతావాళ్ళు తల వంచుకుని లోపలికి వెళ్ళారు. బాలమణి కూడా వెళ్ళింది.

తిరిగి బస్సెక్కాం. కాసేపటికి ప్రతాప్ అన్నాడు, "ఇట్లయితుందని ఆ పాపకు తెలిసుంటే ముందే చెప్పొచ్చు గదా మేడమ్." నేను సైగ చేశాను.

రాజేశ్వరి, "చెప్పాను" అంది.

"ఎప్పుడు చెప్పింది? కొంచెం ఆలోచిద్దాం అంది, అంతే కదా?" అంది ముందు సీటులో అమ్మాయి.

ఆ మాట నేను రాజేశ్వరికి సైగ చేయాలి. నా చేతులు సగంలో ఆగాయి. ఆమె నా చేతుల వైపు కాదు, నా ముఖం వైపు చూసింది.

"నువ్వు వాళ్ళకు ఏం చెప్పావు?"

"తర్వాత మాట్లాడదాం" అన్నాను.

చెవిటి పిల్లలు పుట్టినప్పటి నుంచి అందరి దగ్గరా చూసే మాట అది. ఇంట్లో అందరూ నవ్వుతుంటే, 'ఏంటి?' అని అడిగితే, 'తర్వాత చెప్తా.' ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అది తెలిసి కూడా అదే మాట అన్నాను. మొదటి తప్పుకంటే ఇది పెద్దది.

బంతి మోకాళ్ళ మధ్య

సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చున్నారు. మాధురి గారు బంతి తీసుకున్నారు. కమ్యూనికేషన్ గ్యాప్ వల్ల ఒక పెద్దామె ఇబ్బంది పడిందని, ఇది ఎవరి తప్పూ కాదని అన్నారు. "అందుకని రేపటి నుంచి ఈ నలుగురికీ వేరే కార్యక్రమం అనుకున్నామండి. చివరి రోజు పెద్దవాళ్ళందరూ వస్తారు. ఒక దేశభక్తి పాటను సైగల్లో చేయిద్దాం. చాలా హృద్యంగా ఉంటుంది. వచ్చే ఏడు కూడా వీళ్ళకు విడిగానే పెడదాం."

నేను ఇదంతా సైగల్లో చెప్పాను. అబ్బాయిలు ముగ్గురూ తల దించుకున్నారు. రాజేశ్వరి బంతి అడిగింది. మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

ఇక్కడ మా పని నియమం ఒకటి చెప్పాలి. దుభాషి 'ఆమె ఇలా అంటోంది' అనకూడదు. ఆమె 'నేను' అంటే, నేనూ 'నేను' అనాలి. నా నోటి నుంచి వచ్చిన మాటలు ఇవి:

"నాకు ఫిర్యాదు ఉంది. మాధురి మేడమ్ మీద కాదు. ఈ దుభాషి మీద."

అందరూ నా వైపు తిరిగారు. "మేడమ్, అంటే మీ గురించి మీరే..." అన్నారు మాధురి గారు. రాజేశ్వరి అరచేయి చూపించింది. "నేను ఇంకా పూర్తి చేయలేదు" అని నేను పలికాను.

"నిన్న పొద్దున మీ ప్లాన్ చెత్త అన్నాను. మా అమ్మ ఆ లైన్లోనే ఉంటుంది, ఫొటో తీస్తే పని పోతుంది అన్నాను. మీకు ఫొటోలు కావాలి, వాళ్ళ కష్టం అక్కర్లేదు అన్నాను. చెత్త అంటే ఎవరికైనా ముఖం మారుతుంది. మీ ముఖాలు మారలేదు. ప్రతాప్ నవ్వి థ్యాంక్స్ చెప్పాడు. వీళ్ళకు సిగ్గు లేదు అనుకున్నాను. ఇవాళ బస్సులో తెలిసింది, నా మాట మీ దాకా రానేలేదు."

ఆమె గాలిలో ఒక పిల్లను నిలబెట్టి, ముఖం కడిగి, తల దువ్వి, బొట్టు పెట్టి, మా అందరి ముందుకూ తోసింది. "నా మాటను ఈమె కడిగి, దువ్వి, బొట్టు పెట్టి మీకు చూపించింది. నేను మంచిపిల్లలా కనబడాలని. మంచిపిల్ల చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు. నర్సమ్మ కార్డు పోయింది."

తర్వాతి సైగ ఒక్కటే. అబద్ధం. నా నాలుక మీదికి 'పొరపాటు' అనే మాట వచ్చింది. అది ఎంత దగ్గరి మాటో, ఎంత మర్యాదైన మాటో! రాజేశ్వరి నన్ను చూడటం లేదు. వింటున్నవాళ్ళ ముఖాలు చూస్తోంది.

"ఈమె అబద్ధం చెప్పింది" అన్నాను.

ప్రతాప్ నెమ్మదిగా అడిగాడు, "నువ్వు నిజంగానే మా ప్లాన్‌ను చెత్త అనినావా?"

"అన్నాను. ఇప్పుడూ అంటున్నాను."

"ఒరేయ్, నిన్ను తిడితే థ్యాంక్స్ చెప్పినావు కదరా" అన్నాడు వెనకనుంచి ఒకడు. ముందు ప్రతాపే నవ్వాడు. తర్వాత గది అంతా నవ్వింది. నేను ఆ నవ్వు దేనికో రాజేశ్వరికి వెంటనే చెప్పాను. తర్వాత చెప్తా అనలేదు.

ఆమె కొనసాగించింది. "ఈమెను తీసేయమని అడగను. ఇంకొకరు లేరు. రేపటి నుంచి నేను తిడితే ఈమె తిట్టాలి. పాట వద్దు. మాకు పాట వినబడదు, మీ కోసం ఎందుకు పాడాలి? మేము ఈ జట్టులోనే ఉంటాం. రేపు మళ్ళీ ఆ గేటు దగ్గరికి పోవాలి, నర్సమ్మ కార్డు ఇప్పించాలి. మాట్లాడేది నేను."

"సరే. నువ్వే ముందర నడువు" అన్నాడు ప్రతాప్.

అప్పుడు నా వంతు వచ్చింది. బంతి నా ఒళ్ళో పెట్టుకుని, నోటితోనూ చేతులతోనూ చెప్పాను: ఆమె చెప్పింది నిజం. ఇంతమందికి ఇన్ని ఫిర్యాదులు రాసినదాన్ని, ఒక ఫిర్యాదు ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు. వినడమే కాదు, పలికాను కూడా. "పాట సంగతి వదిలేద్దామండి. రేపు నేనూ వస్తాను" అన్నారు మాధురి గారు. పూలకుండీలు పెట్టేవాళ్ళ కంటే ఆమె చాలా నయం. ఇదీ గుర్తుపెట్టుకున్నాను.

సెక్రటరీ ముందు

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ కమ్యూనిటీ క్లబ్ హౌస్‌లో అసోసియేషన్ సెక్రటరీని కలిశాం. రాజేశ్వరి, ప్రతాప్, మాధురి గారు, నేను. ఆయన నా వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఈ అమ్మాయికి చెప్పండి మేడమ్, ఇది ప్రైవేట్ స్థలమని."

"నాతో మాట్లాడండి. నేను ఇక్కడే ఉన్నాను" అంది రాజేశ్వరి. నేనూ అదే అన్నాను.

"తప్పు మాది. అడగకుండా ఫొటోలు తీశాం. అన్నీ తుడిచేశాం. నర్సమ్మ తప్పు ఏమీ లేదు. మీరూ తప్పు చేశారు. ఆమెను ఒక్క మాట అడగకుండా కార్డు లాక్కున్నారు. మేమంటే పిల్లలం, తెలియలేదు. మీకేమైంది?"

ఆయన ముఖం కందగడ్డలా అయింది. "ఇలాగేనా మేడమ్ పెద్దవాళ్ళతో మాట్లాడేది? కొంచెం మర్యాదగా చెప్పలేరా మీరు?"

మాధురి గారు నా మోచేయి తాకారు. నేను ఆ ప్రశ్నను రాజేశ్వరికి సైగ చేశాను, అంతే.

"అసలు ఈ పిల్లకెందుకు ఇంత పట్టింపు? ఎవరమ్మాయి?" అన్నాడాయన.

రాజేశ్వరి జవాబు చెప్పింది. "బాలమణి కూతుర్ని. మీ సి బ్లాక్‌లో మా అమ్మ నాలుగిళ్ళు చేస్తుంది."

ఆ పేరు చెబితే నాలుగిళ్ళు పోవచ్చు. 'ఇక్కడికి దగ్గర్లోనే ఉంటుందండి' అంటే సరిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. ఒక తల్లి తిండి మీద దెబ్బ పడకుండా మాట మార్చితే తప్పేమిటని, ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను ఎన్నిసార్లో అడిగారు. నా జవాబు ఇది: ఆ తల్లి నాకు ఏమీ కాదు, రాజేశ్వరికి తల్లి. ఆ పేరు చెప్పాలా వద్దా అని నాకంటే ముందు ఆలోచించింది రాజేశ్వరి. ఆలోచించే చెప్పింది.

"బాలమణి కూతుర్ని. మీ సి బ్లాక్‌లో మా అమ్మ నాలుగిళ్ళు చేస్తుంది" అన్నాను.

ఆయన మొదటిసారి నన్ను వదిలి ఆమె వైపు చూశాడు. "బాలమణికి ఇంత పెద్ద బిడ్డ ఉందా?" అన్నాడు. కాసేపు ఫోను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత గేటుకు ఫోన్ చేసి, నర్సమ్మ కార్డు ఇచ్చేయమన్నాడు. "ఇంకోసారి కెమెరాలు తెస్తే మాత్రం ఊరుకోను" అన్నాడు, ఈసారి రాజేశ్వరితోనే.

అంతా సుఖాంతం అని రాయను. ఆ నెలలోనే ఒక ఇంటివాళ్ళు బాలమణిని మానిపించారు. కారణం చెప్పలేదు. మిగతా మూడిళ్ళు నిలిచాయి. ఆ ఇంటి నంబరు నాకు గుర్తుంది.

మేము గేటు బయటికి వచ్చేసరికి, కబురు అప్పటికే అందినట్టుంది, బాలమణి పని మధ్యలో పరుగున వచ్చింది. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది.

"ఏంది మేడమ్, గిట్ల జేసిండ్రు? నా పేరెందుకు జెప్పిండ్రు? రేపటి సంది నన్ను రానిస్తరా?"

"నేను కాదమ్మా. రాజేశ్వరే చెప్పింది. ఆమె చెప్పిందే నేను పలికాను."

బాలమణి బిడ్డ వైపు తిరిగింది. గుండె మీద చేయి వేసుకుని, చేయి వణికించి చూపించింది. భయం అని. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న సైగలు అయిదో ఆరో: తిను, పడుకో, రా, పో, డబ్బులు, భయం. రాజేశ్వరి చాలాసేపు చేతులతో జవాబు చెప్పింది. తల్లికి ఒక్కటీ అర్థం కాలేదు. నా వైపు చూసింది.

"ఏమంటుంది మేడమ్?"

ఇది నన్ను ఎవరూ పిలిచిన పని కాదు. రాజేశ్వరిని అడిగాను, చెప్పనా అని. చెప్పమంది.

"'నిన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నావు. భయంతోనే తిప్పుకున్నావని తెలుసు. అయినా నాకు బాధైంది. అందుకే ఇవాళ ఆయన అడిగితే, నేను నీ బిడ్డనని చెప్పాను.'"

బాలమణి నురగ చేతులను కొంగుకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"గట్లనే అన్నదా?"

"గట్లనే అన్నది."

"ఇంకేమన్నది మేడమ్? ఆ పెద్దసారుతోని, మీ అందరితోని ఏమేం మాట్లాడింది? ఇంట్ల నాతోని ఏం మాట్లాడుతదో నాకు సమజ్ కాదు. ఒక్కటి ఇడిసిపెట్టకుండ జెప్పు."

ప్రతాప్, మాధురి గారు బస్సు దగ్గరికి వెళ్ళారు. బాలమణి గేటు పక్కన కాలిబాట అంచు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. రెండో రోజు జట్టులో అన్న మాటల దగ్గర మొదలుపెట్టాను. చెత్త అన్నదగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజేశ్వరి ఎదురుగా ఎండలో నిలబడి, నేను చెప్పడం ముగించేదాకా వాళ్ళ అమ్మ ముఖాన్నే చూస్తూ ఉంది.